సెలవిచ్చినవారు, సెలవైపోయినవారు

తెలుగులో సెలవు అన్న మాటకు ఒకటికి నాలుగు అర్థాలున్నాయి. పని నుంచి దొరికే విరామం సెలవు. పెద్దవారి దగ్గర పుచ్చుకునే అనుమతి సెలవు. ప్రభువులు నోరు విప్పితే అది సెలవివ్వడం. పాతకాలపు జమాఖర్చుల పుస్తకాలలో అయితే ఖర్చు రాసినదంతా సెలవే. 2020 మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టెలివిజన్ తెర మీదికి వచ్చి, అర్ధరాత్రి నుంచి దేశమంతా ఇళ్ళలోనే ఉండాలని సెలవిచ్చారు. నాలుగు గంటల వ్యవధి. ఆరు నెలలు దాటిన తరువాత లెక్క తీస్తే, ఆ ఒక్క మాటకున్న నాలుగు అర్థాలూ ఈ దేశంలో అమలయ్యాయని తేలుతుంది. కాకపోతే ఒక్కొక్క అర్థం ఒక్కొక్క వర్గం వాటాకు వచ్చింది.

ఆ తొలి వారాలలో మనకు అందిన హితబోధలను ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇంటిపట్టున ఉండే ఈ అరుదైన అవకాశాన్ని సద్వినియోగం చేసుకోవాలని చెప్పనివారు లేరు. మార్చి 28 నుంచి దూరదర్శన్ పాత రామాయణాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. అప్పటి కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి ప్రకాశ్ జవదేకర్ తాను ఇంట్లో కూర్చొని చూస్తున్న ఫొటోను ట్విటర్‌లో పెట్టి, జనం దుమ్మెత్తిపోయగానే తీసివేశారు. జనానికి కోపం రావడానికి కారణముంది. సరిగ్గా ఆ రోజునే ఢిల్లీ సరిహద్దులోని ఆనంద్ విహార్ బస్టాండులో వేలాది కూలీలు మూటాముల్లె నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, ఒక్క బస్సు కోసం తోసుకుంటున్నారు. మరి రెండు రోజులకు ప్రధాని తన యోగాసనాల యానిమేషన్ వీడియోలను పంచుకున్నారు. మన పత్రికలూ తక్కువ తినలేదు. అటక సర్దుకోవడం ఎలా, మిద్దె మీద ఆకుకూరలు పెంచడం ఎలా, పిల్లలతో ఏ ఆటలాడాలి, ఇరవై ఒక్క రోజులలో ఏ కొత్త విద్య నేర్వవచ్చు అంటూ పేజీలు నింపాయి. ఆ పేజీలు అచ్చువేసిన సంస్థలే కొన్ని, అదే రోజులలో జిల్లా అనుబంధాలను ఎత్తివేసి, వాటి కోసం ఏళ్ళ తరబడి వార్తలు మోసిన విలేకరులను ఇళ్ళకు పంపించాయి. వారికి దొరికిన తీరికను ఎలా సద్వినియోగం చేసుకోవాలో చెప్పే వ్యాసం మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు.

ఇంట్లో ఉండమనడాన్ని నేను తప్పు పట్టడం లేదు. అంటువ్యాధిని ఆపడానికి మనుషులు దూరదూరంగా ఉండవలసిందే. నా అభ్యంతరం ఆ ఉండడానికి సెలవు అని పేరు పెట్టడం మీద, దాని వెంట వచ్చిన సద్వినియోగం అన్న నీతిబోధ మీద. ఆ రెండు మాటలూ కలిసి ఒక రాజకీయ కార్యాన్ని నెరవేర్చాయి. ప్రభుత్వం జవాబు చెప్పవలసిన విషయాన్ని పౌరుడి క్రమశిక్షణ సమస్యగా మార్చివేశాయి. ఇంట్లో కూర్చున్న మనిషి ఇక తన జీతం గురించి, ఆసుపత్రిలో పడక గురించి, రేషను గురించి అడగనక్కరలేదు. తాను కాలాన్ని వృథా చేస్తున్నానా లేదా అని తనను తాను ప్రశ్నించుకుంటే చాలు.

సెలవంటే ఏమిటో మన చట్టాలకు తెలుసు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను చూసిన అంబేడ్కర్ హయాంలోనే, 1945లో, ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చి కార్మికులకు ఏడాదికి పది రోజుల సెలవు దక్కింది. అది వేతనంతో కూడిన సెలవు. మరుసటి ఏడాది ఇంకొక సవరణ వారానికి 54 పని గంటలను 48కి దించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. విరామం అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, వేతనంలో భాగం. వేతనం లేకుండా మనిషిని ఇంటికి పంపితే దానికి సెలవు అని కాదు, లేఆఫ్ అని పేరు. ఆ మాట ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడిన ప్రతి కార్మికుడికీ తెలుసు. టెలివిజన్ చర్చలలో కూర్చున్నవారికే తెలియలేదు.

కేంద్ర హోం శాఖకు కూడా ఆ తేడా తెలియకపోలేదు. మార్చి 29న విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్ కాలానికి కార్మికుల వేతనాలలో కోత పెట్టకుండా చెల్లించాలని అందులో ఉంది. ఆ ఒక్క కాగితం నిలబడి ఉంటే సెలవు అన్న మాటకు కొంత గౌరవం మిగిలేది. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మే 17న కేంద్రమే ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుంది. జూన్ 12న న్యాయస్థానం యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దని, ఇరుపక్షాలూ కూర్చొని మాట్లాడుకోవాలని చెప్పింది. రెండు నెలలు పని లేక, చేతిలో పైసా లేక, వేల మైళ్ళ దూరాన తన ఊరిలో ఉన్న కార్మికుడు యజమానితో ఏ బల్ల దగ్గర కూర్చొని మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. ఆదర్శ యజమానిగా ఉండవలసిన ప్రభుత్వాలు ఏం చేశాయో చూద్దామంటే, తెలంగాణ ప్రభుత్వం మార్చి నెలాఖరునే తన ఉద్యోగుల జీతాలలో సగం ఆపేసింది. ఏప్రిల్ ఒక్క నెలలోనే 12.2 కోట్ల మంది ఉపాధి పోయిందని సీఎంఐఈ అంచనా వేసింది. ఇంత మందికి దొరికిన తీరిక చరిత్రలో ఇంకెప్పుడైనా ఉందా!

ఇక ఇల్లు. ఇంట్లో సుఖంగా ఉండండి అన్న సలహాకు ముందు, ఏ ఇల్లు అన్న ప్రశ్న ఒకటుంది. 2011 జనగణన ప్రకారం దేశంలో 37.1 శాతం కుటుంబాలు ఒక్క గది ఇళ్ళలో ఉంటున్నాయి. టీవీ ఉన్న కుటుంబాలు అప్పటికి సగం కూడా లేవు. ఇల్లు పని చేసే చోట ఉన్నవారికే ఇంట్లో ఉండడం అనేది ఒక స్థితి. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలకు ఇల్లంటే జార్ఖండ్‌లోనో బీహార్‌లోనో ఉన్న ఒక ఊరు. నెల రోజులు పని లేకుండా రేకుల షెడ్లలో కూర్చోబెట్టాక, ఏప్రిల్ 29న వారు తిరగబడ్డారు. జీతాలు ఇవ్వండి, మమ్మల్ని ఇళ్ళకు పంపండి అన్నారు. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఆ రైలు ప్రభుత్వ కరుణ అని మనకు చెప్పారు. కంది కూలీలు షెడ్లలో ధ్యానం చేస్తూ కూర్చొని ఉంటే అది ఎన్నాళ్ళకు కదిలేదో! అంతకు పదిహేను రోజుల ముందు, తెలంగాణ మిరప చేలకు కోతకు వచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొంత దూరం ఉందనగా ప్రాణం విడిచింది. మే 8న ఔరంగాబాద్ దగ్గర రైలు పట్టాల మీద నిద్రపోయిన పదహారు మంది మీదుగా గూడ్సు బండి వెళ్ళింది. కోటి మందికి పైగా సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్ళారని లెక్క చెప్పిన ప్రభుత్వమే, దారిలో ఎంతమంది చనిపోయారో వివరాలు తన దగ్గర లేవని సెప్టెంబరు 14న లోక్‌సభకు రాతపూర్వకంగా తెలియజేసింది. పాత జమాఖర్చుల భాషలో చెప్పాలంటే వీరు సెలవైపోయినవారు. ఆ ఖర్చును పుస్తకంలో రాయను కూడా రాయలేదు.

ఇల్లు ఉన్నవారి ఇళ్ళలో కూడా సెలవు అందరిదీ కాదు. 2020 సెప్టెంబరు నెలాఖరున జాతీయ గణాంక కార్యాలయం కాల వినియోగ సర్వేను విడుదల చేసింది. 2019 సంవత్సరంలో, అంటే ఈ మహమ్మారి రాకముందు, దేశం తన ఇరవై నాలుగు గంటలను ఎలా గడుపుతున్నదో అందులో ఉంది. జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పాల్గొన్న స్త్రీ రోజుకు 299 నిమిషాలు ఆ పని చేస్తే, పాల్గొన్న పురుషుడు 97 నిమిషాలు చేశాడు. అంటే నలుగురు మగవారిలో ముగ్గురు ఆ పనిని ముట్టుకోలేదు, ముట్టుకున్నవాడు గంటన్నరలో ముగించాడు. ఈ ఇంటిలోకి ఇరవై నాలుగు గంటలూ మగవాడిని, బడి మూసేసిన పిల్లలను తెచ్చి కూర్చోబెట్టి, పనిమనిషిని రావద్దని చెప్పి, అప్పుడు దానిని కుటుంబంతో గడిపే మధుర సమయం అన్నాం. ఆ వేసవిలో పురుషులు కొత్త వంటలు చేసి ఫొటోలు పెట్టారు, సంతోషం. ఆ గిన్నెలు ఎవరు తోమారో ఏ ఫొటోలోనూ లేదు. ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ గృహహింస బాధితుల కోసం ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు ప్రకటించవలసి వచ్చింది. హింసించేవాడు గదిలోనే ఉన్నప్పుడు ఫోనులో మాట్లాడే వీలుండదు కనుక, రాసి పంపమన్నారు.

ఇంతవరకు చదివినవారిలో కొందరికి చిరాకు కలిగి ఉంటుంది. మేం నాలుగు పుస్తకాలు చదువుకుంటే, నాలుగు మొక్కలు పెంచుకుంటే అదీ నేరమేనా అని అడగవచ్చు. కాదు. నిజానికి తీరిక దొరికిన మనిషి చదవాలనే నా కోరిక కూడా. అయితే ఏం చదివాం అన్న దగ్గరే నా తగవు. మనం ఇంట్లో ఉన్న ఆరు నెలలలో చదవవలసిన వాఙ్మయం బోలెడంత వెలువడింది. దానిని రాసినది ప్రభుత్వం. ఈ కాలాన్ని దాని అంత బాగా సద్వినియోగం చేసుకున్న వ్యక్తి గాని సంస్థ గాని దేశంలో మరొకరు లేరు.

వరస చూడండి. పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలను సడలించే ముసాయిదా లాక్‌డౌన్ నడుమ, ఏప్రిల్ 11న గెజెట్‌కెక్కింది. ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీలలో రోజుకు 12 గంటలు పని చేయించుకోవచ్చని, అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వనక్కరలేదని నోటిఫికేషన్ ఇచ్చింది. మరికొన్ని రాష్ట్రాలు పని గంటలు పెంచుతూ అదే బాట పట్టాయి. మే మొదటి వారంలో ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం దాదాపు అన్ని కార్మిక చట్టాలనూ మూడేళ్ళు పక్కన పెట్టే ఆర్డినెన్సును ఆమోదించింది. జూన్ 5న వ్యవసాయ ఆర్డినెన్సులు వచ్చాయి. జూన్ 18న బొగ్గు గనులను వాణిజ్య అమ్మకాలకు తెరిచే వేలాన్ని ప్రధాని ప్రారంభించారు. జులైలో సీబీఎస్ఈ పిల్లల మీద భారం తగ్గిస్తున్నానంటూ పదకొండో తరగతి రాజనీతిశాస్త్రంలో తీసివేసిన పాఠాలేవో తెలుసా? సమాఖ్య వ్యవస్థ, పౌరసత్వం, జాతీయవాదం, లౌకికవాదం. బరువైన పాఠాలనే ఏరుకున్నారు. ఊరేగింపు తీయడానికి, ధర్నాకు కూర్చోవడానికి, పదిమంది ఒకచోట చేరడానికి వీలులేని కాలంలో ఇవన్నీ జరిగాయి. ఆ కాలాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికమని నమ్మేవారు నమ్మవచ్చు.

పర్యావరణ ముసాయిదా దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఎందుకంటే ఇంటి నుంచి కదలకుండానే పౌరులు ఏం చేయగలరో అది చూపించింది. ముందస్తు అనుమతి తీసుకోకుండా కట్టేసిన ప్రాజెక్టులకు ఆ తరువాత అనుమతి ఇచ్చే మార్గం ఆ ముసాయిదాలో ఉంది. ఇది మనకు దూరపు విషయం కాదు. మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది మరణించారు. లాక్‌డౌన్‌లో మూతపడి, తిరిగి తెరవబోతున్న కర్మాగారం అది. కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే నడిపిస్తున్నట్లు ఆ కంపెనీయే 2019లో ప్రమాణపత్రంలో ఒప్పుకుంది. ఆర్ఆర్ వెంకటాపురం ప్రజలు కూడా ఆ రాత్రి ప్రభుత్వం చెప్పినట్లు ఇళ్ళలోనే ఉన్నారు, నిద్రలో ఉన్నారు. అటువంటి వ్యవహారానికి వెనక తేదీతో ఆమోదముద్ర వేసే పత్రం హిందీలోనూ ఇంగ్లీషులోనూ తప్ప అప్పటికి ఇంకే భాషలోనూ లేదు. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న అభ్యంతరాల గడువును ఆగస్టు 11కు పొడిగించి, రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషలలోకి ముసాయిదాను అనువదించమని ఆదేశించింది. పది రోజుల పని. కేంద్రం అనువాదకులను పిలవడానికి బదులు న్యాయవాదులను పిలిచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విశాఖ ప్రజలు తమ ప్రాణాలకు సంబంధించిన నిబంధనలను తమ భాషలో చదువుకోకుండా ఉండడం ప్రభుత్వానికి అంత అవసరమైంది.

అయినా జనం చదివారు. విద్యార్థులు, యువ న్యాయవాదులు, మత్స్యకారుల సంఘాలవారు ముసాయిదాను చదివి, అర్థం చెప్పుకొని, లక్షల సంఖ్యలో అభ్యంతరాలు పంపారు. ఆ ప్రచారం చేసిన వెబ్‌సైట్లు కొన్ని మూతపడ్డాయి. పర్యావరణం గురించి ఉత్తరాలు రాయించిన ఒక బృందానికి ఢిల్లీ పోలీసులు ఉపా చట్టం కింద నోటీసు పంపి, తరువాత అది పొరపాటున వెళ్ళిందన్నారు. తోటపని చేసినందుకు, సూర్యనమస్కారాలు చేసినందుకు ఎవరికీ ఉపా నోటీసు రాలేదు. తీరికను ఎలా వాడితే పాలకులకు నచ్చుతుందో, ఎలా వాడితే నచ్చదో పోలీసు శాఖే తేల్చిచెప్పింది.

పంజాబ్ రైతులు కూడా చదివారు. జూన్‌లో వచ్చిన ఆర్డినెన్సులను గ్రామాలలో సంఘాలు చదివి వినిపించాయి. మండీ ఏమవుతుంది, మద్దతు ధర ఏమవుతుంది అని చర్చించాయి. ఇళ్ళ ముందూ మిద్దెల మీదా జెండాలు పట్టుకొని నిలబడ్డారు, ట్రాక్టర్లతో రోడ్లెక్కారు. సెప్టెంబరు 17న హర్‌సిమ్రత్ కౌర్ బాదల్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారంటే, అది అకాలీదళ్‌కు హఠాత్తుగా కలిగిన జ్ఞానోదయం కాదు. మూడు నెలలు ఊరూరా జరిగిన చదువు ఫలితం. మూడు రోజుల తరువాత రాజ్యసభలో ప్రతిపక్షం ఓటింగు కోరినా నిరాకరించి మూజువాణి ఓటుతో బిల్లులను గట్టెక్కించారు. మరునాడు ఎనిమిది మంది సభ్యులను సస్పెండ్ చేశారు. మన రెండు రాష్ట్రాల సంగతి చూస్తే, ఆ బిల్లులను వైఎస్సార్ కాంగ్రెస్ సమర్థించింది, తెరాస వ్యతిరేకించింది. కోస్తా వరి రైతుకు ఈ ఆర్డినెన్సులను ఎవరు చదివి వినిపించారు? ఆంధ్ర ఎంపీలను ఏ ఊరిలో ఎవరు నిలదీశారు? మన రైతు సంఘాలలో ప్రయత్నించినవారు లేకపోలేదు, వారి గొంతు వినడానికి మనకే తీరిక దొరకలేదు.

ఆ సమావేశాలలోనే, పది రోజులలో పాతిక పైచిలుకు బిల్లులు దొర్లిపోతున్న వేగంలో, ప్రశ్నోత్తరాల సమయమే లేని సభలో, ప్రతిపక్షం బహిష్కరించిన బెంచీల ఎదుట, సెప్టెంబరు 22, 23 తేదీలలో మూడు కార్మిక కోడ్‌లు ఆమోదం పొందాయి. సెలవు గురించి మాట్లాడుకుంటున్నాం కనుక వాటిలో ఒక నిబంధన చెప్పి తీరాలి. అంతకు ముందు వందమంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ యజమాని లేఆఫ్ ప్రకటించాలన్నా, మనుషులను తీసివేయాలన్నా, మూసివేయాలన్నా ప్రభుత్వ అనుమతి తీసుకోవలసి ఉండేది. పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను మూడు వందలకు పెంచింది. దానిని ఒక నోటిఫికేషన్‌తో ఇంకా పెంచుకునే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. సమ్మెకు మాత్రం ఏ సంస్థలోనైనా పద్నాలుగు రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి. యజమాని కార్మికుడిని ఇంటికి పంపడం తేలికైంది, కార్మికుడు తానుగా పని ఆపడం కష్టమైంది. లాక్‌డౌన్ నాటి సెలవును అత్యవసరం అన్నారు, ఈ కోడ్ దానిని నిత్యవ్యవహారం చేసింది.

అన్ని తలుపులూ మూసుకుపోయాయని నేను అనడం లేదు. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు గుజరాత్ నోటిఫికేషన్‌ను కొట్టివేసింది. మహమ్మారి వల్ల కలిగిన ఆర్థిక ఇబ్బంది ఫ్యాక్టరీల చట్టం చెప్పే అత్యవసర పరిస్థితి కిందికి రాదని, చేయించుకున్న అదనపు గంటలకు చట్టప్రకారం రెట్టింపు కూలి చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినది ఒక కార్మిక సంఘం. లాక్‌డౌన్ నడుమ వెలువడిన ఒక చిన్న నోటిఫికేషన్‌ను ఎవరో కూర్చొని, చట్టం పక్కన పెట్టుకొని, సెక్షన్ వెంట సెక్షన్ సరిచూశారు కనుకనే ఆ తీర్పు వచ్చింది.

2020 అక్టోబరు నాటికి ఈ కోడ్‌లకు నియమావళులు ఇంకా రాయవలసి ఉంది. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోనివి కనుక ఢిల్లీ ఒక్కటే రాస్తే సరిపోదు, హైదరాబాదు, అమరావతి కూడా రాయాలి. ముసాయిదాలను ముందుగా ప్రకటించి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలని కోడ్‌లలోనే ఉంది. ఆ ముసాయిదాలు గెజెట్‌లో ఏదో ఒక సాయంత్రం కనబడేదాకా ఆగకుండా, వాటిని తెలుగులో ప్రచురించాలని రెండు రాష్ట్రాల కార్మిక శాఖలకు అప్పుడే రాయవలసింది. మీ నియోజకవర్గం అప్పటి ఎంపీ ఆ బిల్లుల నాడు సభలో ఉన్నారో లేరో అడుగుతూ ఇంకొక ఉత్తరం. ఇంటి నుంచి పని చేస్తున్నవారికైనా, పని పోయి ఇంట్లో ఉన్నవారికైనా, రెండింటికీ కలిపి ఒక పూట పట్టేది కాదు.